తాండూరులో రైలెక్కితే

కోట్‌పల్లిలో రైలు స్టేషను లేదు. పెద్ద ప్రాజెక్టు ఉన్నది, పక్కనే అడవి ఉన్నది, ఆదివారం వస్తే పడవ షికారుకని హైదరాబాదునుంచి కార్లు వేసుకొని వచ్చేవారూ ఉన్నారు. రైలు మాత్రం లేదు. అయినా మా వైపువాళ్లకు దూరప్రయాణమంటే రైలు ప్రయాణమే. బస్సెక్కి ఇటు వికారాబాదుకో, అటు తాండూరుకో చేరితే చాలు, అక్కణ్ణుంచి దేశమంతా దారే.

ఈ దారి ఈనాటిది కాదు. నిజాం ప్రభువుల ఖర్చుతో సికింద్రాబాదునుంచి వాడికి 1874లో రైలుమార్గం వేశారు. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు లైనులో కలిసింది. 1889లో బెజవాడ మార్గం పూర్తయ్యేదాకా, అంటే పదిహేనేళ్లపాటు, హైదరాబాదు నగరానికి రైలు గుమ్మం వాడి ఒక్కటే. దివానులూ దొరలూ, వర్తకులూ యాత్రికులూ, ఎవరు బయటకు పోవాలన్నా మా వికారాబాదు, తాండూరు స్టేషన్లు దాటి పోవలసిందే.

కిటికీ పక్కన చోటు దొరికినవారికి ఈ దారి మంచి భూగోళ పాఠం. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పు పట్టి హైదరాబాదుకు పోతుంది. కాగ్నా మాత్రం తాండూరు మీదుగా పడమర పట్టి భీమలో కలుస్తుంది. ఇంట్లో పోట్లాడి చెరో దిక్కుకు పోయిన అన్నదమ్ములలాగా ఉంటుంది చూడడానికి. చివరికి ఇద్దరూ చేరేది కృష్ణమ్మ ఒడికే! తాండూరు దగ్గర నాపరాతి బండల దొంతరలు, కందిచేలు కనిపిస్తాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందులు ఇక్కడివే. తాండూరు దాటి కొంత దూరం పోయేసరికి స్టేషను బోర్డు మీద కన్నడం వస్తుంది. మళ్‌ఖేడ్ అనే పేరు చూసి చాలామంది ఆవలించి ఊరుకుంటారు. ఒకప్పుడు రాష్ట్రకూట చక్రవర్తులు ఏలిన మాన్యఖేటం అదేనని పిల్లలకు చెప్పండి. పిల్లలు తప్పకుండా కిటికీలోంచి తల బయటపెట్టబోతారు, పట్టుకోండి.

దూరప్రయాణంలో అసలు చూడవలసినది కిటికీ బయటే కాదు, లోపల కూడా ఉన్నది. కొన్నేళ్లకిందట ఒక రాత్రి తాండూరులో నేను సోలాపూరు పోయే పనిమీద రిజర్వేషను లేని పెట్టె ఎక్కాను. నాతోపాటే ఒక ముసలమ్మ ఎక్కింది. చంకలో కందిపప్పు మూట, కొంగున కట్టిన సద్ది, చేతిలో నలిగిన కాగితం. కూతురూ అల్లుడూ పూనాలో కట్టడం పనికి పోయారట. కూతురికి నెలలు నిండాయి. ప్రయాణం చెయ్యవద్దని డాక్టరమ్మ అన్నదట. ఆ పిల్లకు అక్కడ ఆడదిక్కు లేదు. ఈ తల్లికి చదువు రాదు, మన భాష తప్ప మరొక భాష రాదు, వికారాబాదు దాటి ఎన్నడూ పోయి ఎరగదు.

“బిడ్డా, పూనా ఎప్పుడొస్తదో జర చెప్పుర్రి” అన్నది.

“తెల్లారంగ వస్తదవ్వా, నువ్వు పండుకో” అన్నాను.

“నేను పండుకుంటే పూనా పోతది!” అన్నది.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాడిలో దిగే కుర్రవాడు లేచి తన చోట ఆమెను కూర్చోబెట్టాడు. గుల్బర్గా మనిషి కన్నడంలో ఏదో ధైర్యం చెప్పాడు. ఆమెకు మాట తెలియకపోయినా భావం తెలిసింది కాబోలు, సద్దిమూట విప్పి అతనికి జొన్నరొట్టె పెట్టింది. సోలాపూరులో నేను దిగాలి. దిగితే ఆమె గతేమిటి? పూనాలో దింపమని ఎవరికి చెప్పాలి? ఈ ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు.

సోలాపూరు రానే వచ్చింది. పెట్టెలోకి ఎక్కినవారిలో ఒకావిడ, “కొంచెం జరగండమ్మా” అన్నది, అచ్చమైన తెలుగులో! సోలాపూరులో మన తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నేస్తున్న సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆవిడా ఆ కుటుంబాలవారే. సంగతి చెప్పేసరికి కాగితం తీసుకొని, “మీరు దిగండన్నా, నేను పూనాకే. ఫోను చేసి అల్లుడి చేతిలో పెట్టి మరీ పోతాను” అన్నది. నాలుగు నెలల తర్వాత సంతలో అవ్వ కనిపించింది. కాన్పు నాటికి చేరిందట. మనవరాలట.

వంద ముడుపులు కట్టినా దొరకని ఇలాంటి సాయం ఆ పెట్టెలో ఉచితంగా దొరుకుతుంది. కాని ఆ పెట్టెలో చోటే దొరకదు. మూడో తరగతి అనే పేరును 1974లో ఎత్తివేశారు. పేరు పోయింది గాని అందులో ప్రయాణం చేసేవారెక్కడికీ పోలేదు. రెండో తరగతి తలుపు దగ్గర, మరుగుదొడ్డి పక్కన, మూటలమీద కూర్చొని నేటికీ పోతూనే ఉన్నారు.

వారెందరో 2020లో లోకమంతటికీ తెలిసింది. మార్చిలో మహమ్మారి మూలాన ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. ఊళ్లకు చేరే దారిలేక కూలివాళ్లు రోడ్లవెంట నడిచారు. చివరికి మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు కదిలింది. ఎక్కణ్ణుంచి? మా లైనులోనే ఉన్న లింగంపల్లినుంచి. సుమారు 1,200 మందితో జార్ఖండులోని హటియాకు పోయింది. రైలంటే విలాసం కాదనీ, ఇంటికి చేరే ఆధారమనీ ఆనాడు ఎవరికీ విప్పి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు అద్దాల పెట్టెలతో వేగంగా పోయే బళ్లు వస్తున్నాయి. రానివ్వండి, సంతోషమే. దిబ్రూగఢ్‌నుంచి కన్యాకుమారిదాకా నాలుగువేల కిలోమీటర్లకు పైబడి పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన బెజవాడమీదుగానే పోతున్నది, దానికీ గర్వపడదాం. అయితే వేగంకోసం చిన్న స్టేషను వదిలేసినప్పుడల్లా, ఒక మామూలు పెట్టె తగ్గించినప్పుడల్లా, కాగితం చేతపట్టుకున్న ఏ అవ్వో ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోతుంది. బండి రెండు నిమిషాలు ఆగితే గమ్యం చేరడం రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆగకపోతే కాన్పు సమయానికి తల్లి చేరదు.

సెలవుల్లో పిల్లలతో బయలుదేరే గృహిణులకు ఒక్క మనవి. పులిహోర, పెరుగన్నం, మంచినీళ్లు ఎలాగూ సర్దుతారు. మరో నలుగురికి సరిపడా సర్దండి. ఎదుటి బల్ల మీద కూర్చున్నవారిని ఏ ఊరని పిల్లలచేత అడిగించండి.