లీటరు వేరు, కిలో వేరు

మన సంఘాలలో పాలకు రెండు లెక్కలు నడుస్తుంటాయి. చాలాచోట్ల ఉత్పత్తిదారుని వద్ద కొలపాత్రతో లీటర్లలో పోయించుకుంటారు. పాలశీతల కేంద్రంలో అవే పాలను కాటా మీద తూచి కిలోలలో చీటీ ఇస్తారు. ఈ రెండు అంకెలను ఒకటిగా భావించి పుస్తకాలు వ్రాయడం మేము తనిఖీలలో తరచు చూస్తున్నాము. దీనివల్ల ఎవరికి ఎంత నష్టమో సభ్యులు తెలిసికొనుట అవసరం.

లీటరు అనేది పాత్రలో పట్టే పరిమాణం. కిలో అనేది బరువు. లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగుతుంది. పాలలో మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు ఉంటాయి గనుక లీటరు పాలు సుమారు 1 కిలో 30 గ్రాములు తూగుతాయి. వెన్న నీటికంటె తేలిక. అందుకే మీగడ పైకి తేలుతుంది. నీళ్ళు కలిపితే పాల బరువు నీటి బరువుకు దగ్గరవుతుంది. లాక్టోమీటరు పనిచేసేది ఈ సూత్రం మీదనే. దానిమీద 30 చూపితే లీటరు పాలు 1.030 కిలోలని అర్థం. అయితే పాల వేడినిబట్టి ఆ అంకెను సరిచేసుకోవాలి.

లెక్క సులభం. లీటర్లను 1.03తో గుణిస్తే కిలోలు వస్తాయి. కిలోలను 1.03తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 40 లీటర్ల క్యాను నిండా పాలుంటే 41 కిలోల 200 గ్రాములు తూగాలి.

రోజుకు 400 లీటర్లు సేకరించే సంఘాన్ని తీసుకుందాం. ఆ పాలు 412 కిలోలు. వెన్న 6.5 శాతమైతే 26 కిలోల 780 గ్రాముల వెన్న ఉన్నట్లు. లీటర్లనే కిలోలుగా వ్రాసి లెక్కగడితే 26 కిలోలే వస్తుంది. రోజుకు 780 గ్రాములు, నెలకు 23 కిలోల 400 గ్రాముల వెన్నకు సభ్యులకు డబ్బు ముట్టదు. అది సంఘానికి మిగులుగా కనబడుతుంది. నిజానికి అది పాలు పోసినవారి సొమ్ము.

రెండవ ప్రమాదం ఇంతకంటె పెద్దది. 400 లీటర్లు పంపితే కేంద్రం చీటీలో 404 అని వచ్చిందనుకోండి. నాలుగు ఎక్కువే వచ్చిందని కార్యదర్శి సంతోషిస్తాడు. కాని రావలసినది 412 కిలోలు. అనగా 8 కిలోల పాలు దారిలోనో, ఒలికిపోయో, కొలతలోనో పోయినవి. మిగులు అనుకున్నచోట తరుగు దాగి ఉన్నది.

ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినచోట కూడ జాగ్రత్త అవసరం. కాటా తూచేది బరువునే. అది లీటర్లు చూపుతున్నదంటే ఆ బరువును ఒక అంకెతో భాగించి చూపుతున్నదన్న మాట. ఆ అంకె ఎంతకు అమర్చారో పాలకవర్గం అడిగి తెలిసికోవాలి.

ఇంట్లో కూడ ఇదే న్యాయం. సోల, తవ్వ, మానిక కొలతలే గాని తూకాలు కావు. మానికెడు బియ్యం, మానికెడు అటుకులు ఒకే బరువు తూగవు గదా! అట్లే 200 మిల్లీలీటర్ల గ్లాసులో పాలు 206 గ్రాములు తూగితే, కరగిన నెయ్యి సుమారు 182 గ్రాములే తూగుతుంది. లీటరు నెయ్యి సుమారు 910 గ్రాములే కనుక కిలోకు తగ్గిందని అమ్మినవారితో తగవు పడనక్కరలేదు. డబ్బా మీద లీటరు అని ఉన్నదా, కిలో అని ఉన్నదా చూసుకుంటే చాలు.

కార్యదర్శులు పాటించవలసినవి: సేకరణ పుస్తకంలో ప్రతి అంకె పక్కన లీ. అనిగాని కి. అనిగాని తప్పక వ్రాయాలి. నురుగు అణగిన తరువాతనే కొలవాలి. కేంద్రం చీటీ అందిన రోజే కిలోలను లీటర్లలోకి మార్చి సేకరణతో సరిచూడాలి. తేడా వరుసగా కనిపిస్తే కొలపాత్ర, కాటా రెండింటికీ తూనికలు కొలతల శాఖ ముద్ర సకాలంలో పడినదో లేదో చూడాలి. ఏ లెక్క ప్రకారం బిల్లు కట్టుచున్నారో సభ్యులందరికీ తెలియునట్లు సంఘం గోడమీద వ్రాసి ఉంచడం మంచిది.