గురి కిట్‌ది, చిరునామా మనిషిది

2022 డిసెంబరు 29న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర, జాతీయ రహదారి మీద వైమానిక దళం ఒక పరీక్ష జరిపింది. అత్యవసర వేళ విమానాలు దిగేందుకు అక్కడి రోడ్డునే రన్‌వేగా కట్టారు. ఆ రోజు దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరిన వాటిలో సుఖోయ్-30 యుద్ధవిమానాలున్నాయి. 2024 ఆగస్టు 13న ఒడిశా తీరంలో అదే రకం విమానం నుంచి ‘గౌరవ్’ బాంబును తొలిసారి వదిలి చూశారు. వెయ్యి కిలోల తరగతికి చెందిన ఈ బాంబును హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించింది. దీనికి ఇంజన్ లేదు, రెక్కలున్నాయి. 2025 ఏప్రిల్ పరీక్షల్లో ఇది దాదాపు 100 కి.మీ. దూరంలోని లక్ష్యాన్ని తాకింది. ఇంజన్ లేని బాంబు అంత దూరం గురి తప్పకుండా ఎలా వెళ్తుంది?

ముందు మామూలు బాంబు సంగతి చూద్దాం. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానం సెకనుకు 250 మీటర్లు కదులుతుంది. బాంబు వదలడంలో సెకనులో పదో వంతు తేడా వచ్చినా అది 25 మీటర్ల అవతల పడుతుంది. ఆరు కి.మీ. ఎత్తు నుంచి నేలకు చేరడానికి అరనిమిషం దాటుతుంది. ఈలోగా గాలి దాన్ని మరికొంత నెడుతుంది. అందుకే ఒక్క వంతెన కూల్చడానికి ఎన్నో బాంబులు వేయాల్సి వచ్చేది.

గైడెన్స్ కిట్ (బాంబుకు దారి చూపే పరికరాల జత) ఈ తేడాను దారిలోనే సరిచేస్తుంది. లోపలి పేలుడు పదార్థం మారదు. బయట ఒక చిన్న కంప్యూటరు, బ్యాటరీ, కదిలే రెక్కలు చేరతాయి. బాంబు పక్కకు జరిగిన ప్రతిసారీ ఆ రెక్కలు వంగి దాన్ని దారిలోకి తెస్తాయి.

లక్ష్యాన్ని గుర్తించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది లేజర్. విమానం లక్ష్యంపై లేజర్ కిరణం వేస్తుంది. అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుగును బాంబు పట్టుకుంటుంది. 1999 జూన్ 24న కార్గిల్‌లో టైగర్ హిల్‌పై మిరాజ్-2000 విమానాలు ఇలాంటి బాంబులు వేశాయి. ఆ తరువాత మన దేశం 450 కిలోల బాంబుకు బిగించే ‘సుదర్శన్’ కిట్‌ను తయారు చేసుకుంది. మబ్బు, పొగ అడ్డొస్తే లేజర్ పనిచేయదు.

రెండోది ఉపగ్రహ సంకేతం. లక్ష్యం అక్షాంశ రేఖాంశాలను ముందే నమోదు చేస్తారు. శత్రువు ఆ సంకేతాన్ని చెదరగొడితే జడత్వ మార్గదర్శి (సొంత కదలికను బట్టి తానెక్కడుందో లెక్కకట్టే పరికరం) ఆదుకుంటుంది. అయితే సమయం గడిచేకొద్దీ ఆ లెక్కలో తేడా పెరుగుతుంది. గౌరవ్ ఉపగ్రహ సంకేతాన్ని, జడత్వ మార్గదర్శిని కలిపి వాడుతుంది.

ఇప్పుడే ఇంత గిరాకీ ఎందుకు? గోదాముల్లో పాత బాంబులు నిండుగా ఉన్నాయి. ఇంజన్ అక్కర్లేదు కనుక కిట్ ఖర్చు క్షిపణి కంటే తక్కువ. గాలిలో తేలుతూ సాగేందుకు పెద్ద రెక్కలు కూడా తోడైతే శత్రువు విమాన విధ్వంసక క్షిపణుల్లో చాలావాటికి అందనంత దూరం నుంచే వదలొచ్చు. ఉక్రెయిన్‌పై రష్యా పాత బాంబులకు రెక్కల కిట్లు బిగించి వాడుతున్నది అందుకే.

అయితే కిట్‌కు తెలిసింది చిరునామా ఒక్కటే. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలతో (మిర్చి బస్తాలతో) వచ్చిన లారీ చీటీలో రాసిన కొట్టుకే వెళ్తుంది. చీటీ తప్పైతే డ్రైవరు నైపుణ్యం ఆ తప్పును దిద్దలేదు. 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లో అమెరికా బాంబులు చైనా రాయబార కార్యాలయంపై పడి ముగ్గురు చనిపోయారు. గురి తప్పలేదు, పాత పటాలవల్ల భవనాన్ని పొరబడ్డామని అమెరికా వివరణ ఇచ్చింది.

కాబట్టి ‘కచ్చితమైన దాడి’ అనే వార్త చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. బాంబు చెప్పిన చోటే పడిందా? ఆ చోటును ఎంచుకోవడం సరైనదేనా? కిట్ జవాబు చెప్పగలిగేది మొదటిదానికే.