నడినెత్తిన సూర్యుడు, నట్టింట బడి

పిల్లలను పాఠశాలకు పంపకుండా వారి చదువు బాధ్యతను తల్లిదండ్రులే ఇంటి దగ్గర పూర్తిగా తీసుకునే పద్ధతిని హోమ్‌స్కూలింగ్ అంటారు. తెలుగులో దానికి ఇంటి బడి అనే మాట చక్కగా సరిపోతుంది. అమెరికాలో జాన్ హోల్ట్ అనే విద్యావేత్త 1977లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక పత్రికను ప్రారంభించి ఈ ఆలోచనకు విస్తృత ప్రచారం కల్పించినప్పటికీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఈ మార్గం ఎంచుకున్న కుటుంబాలు నేటికీ కొద్దివే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రకటించింది గాని, ఇంటి బడిని పేరుపెట్టి ప్రస్తావించలేదు. అందువల్ల ఇంటి దగ్గర చదివే పిల్లలు పదో తరగతి స్థాయికి వచ్చేసరికి సాధారణంగా సార్వత్రిక పాఠశాలను, అంటే తరగతికి హాజరు కాకుండానే పరీక్ష రాసే వీలు కల్పించే ఓపెన్ స్కూలును ఆశ్రయిస్తారు. 1989లో ఏర్పడిన ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సంస్థ 14 ఏళ్లు నిండిన వారిని ఈ పరీక్షకు అనుమతిస్తూ, ఏటా ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరు నెలల్లో మరొకసారి దానిని నిర్వహిస్తున్నది.

గంట కొట్టని బడికి సెలవులెందుకన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే తలెత్తుతుంది. తెలుగు రాష్ట్రాల పాఠశాలలకు ఇటీవలి సంవత్సరాల్లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే సరిగ్గా 49 రోజులు, వేసవి సెలవులు ఇస్తూ జూన్ 12న బడులు తెరుస్తున్నారు. ఇంటి బడికి ఈ తేదీల కట్టుబాటు లేదు కాబట్టి, పాఠాలను ఏడాది పొడవునా సాగించి, డిసెంబరు చలిలోనో, పంటకోతల కాలంలోనో విరామం తీసుకోవచ్చునన్న వాదన వినబడుతుంది. ఈ వాదన తర్కానికి నిలుస్తుంది గాని, పిల్లల జీవితానికి మాత్రం సరిపడదు. ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు ఏడాదిలో పది నెలల పాటు పొద్దున్నించి సాయంత్రం దాకా వీధి ఖాళీగానే కనబడుతుంది. పక్కింటి పిల్లలు, పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ ఒక్కసారిగా చేతికందేది, అమ్మమ్మగారి ఊరు పిల్లలతో నిండిపోయేది ఈ ఏడు వారాల్లోనే. తోటివారి సాంగత్యం తక్కువన్నదే ఇంటి బడి మీద తరచూ వచ్చే ఆక్షేపణ అయినప్పుడు, ఆ సాంగత్యం వెతుక్కుంటూ వచ్చే కాలంలో పిల్లవాణ్ణి పాఠ్యపుస్తకం ముందు కూర్చోబెట్టడం చేతికందిన ముద్దను నేలపాలు చేయడమే. కాబట్టి వేసవి ప్రణాళికలో మొట్టమొదట నిర్ణయించవలసినది ఏయే పాఠాలను పక్కన పెట్టాలన్నదే.

అయితే అన్నింటినీ పక్కన పెడితే నష్టమున్నదని పరిశోధనలు చెబుతున్నాయి. సుదీర్ఘమైన సెలవుల్లో నేర్చినది జారిపోవడాన్ని విద్యావేత్తలు వేసవి నష్టమంటారు. హారిస్ కూపర్ బృందం అంతకుముందు జరిగిన 39 అధ్యయనాలను పరిశీలించి 1996లో ప్రకటించిన సమీక్ష ప్రకారం, అమెరికా పిల్లలు వేసవి ముగిసేసరికి సగటున ఒక నెల చదువుకు సమానమైనంత వెనకబడుతున్నారు. గణితంలో, ముఖ్యంగా లెక్కలు చేసే నైపుణ్యంలోను, అక్షరక్రమంలోను ఈ నష్టం ఎక్కువ. చదవడంలో మాత్రం ఫలితం కుటుంబ స్తోమతను బట్టి మారింది. మధ్యతరగతి పిల్లలు వేసవిలోనూ చదవడంలో ముందుకు సాగగా, పేద కుటుంబాల పిల్లలు వెనకబడ్డారు. ఇంట్లో పుస్తకముంటే చదువు తనంతట తాను సాగుతుందని, లెక్కలకు మాత్రం కొంచెమైనా రోజువారీ సాధన అవసరమని దీనినుంచి గ్రహించవచ్చు. ఆ లెక్కన ప్రణాళికలో తప్పనిసరిగా ఉండవలసినవి రెండే: పొద్దున్నే పదిహేను, ఇరవై నిమిషాల లెక్కలు, పగటివేళ ఎప్పుడైనా ఒక పుస్తకం. వీటికి తోడు, ఏడు వారాల పాటు సాగే దీర్ఘమైన పని ఏదైనా ఒకటి ఉంటే చాలును.

వేళల విషయంలో తెలుగునాట పెత్తనం ఎండదే. మార్చి నడుమ నుంచే బడులను ఒంటిపూట నడపడం, రోహిణి కార్తెలో, అంటే సూర్యుడు రోహిణీ నక్షత్రంలో సంచరించే మే 25 మొదలు సుమారు రెండు వారాల్లో, రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పుకోవడం ఊరికే పుట్టినవి కావు. ఆరు నుంచి తొమ్మిది వరకు బుద్ధి చురుకుగా ఉండే వేళ గనుక లెక్కలు, తోటపని, బయటి పరిశీలనలు అప్పుడే ముగించుకుని, పదకొండు నుంచి నాలుగు వరకు నీడపట్టున చేసే పనులకు, కథలకు, కునుకుకు విడిచిపెట్టి, సాయంకాలాన్ని పూర్తిగా ఆటకు వదిలివేయడం మంచిది. గంటగంటకూ ఒక విషయం చొప్పున గళ్లు గీసి గోడకు అంటించే పట్టికలు మొదటి వారం దాటి నిలవడం అరుదు, నిలవకపోతే తల్లికి అపరాధభావం, పిల్లలకు విసుగు మిగులుతాయి.

దీర్ఘమైన పనికి తెలుగు నేల స్వయంగా అందించే ఉదాహరణ నీడల లెక్క. భూమధ్యరేఖకు, 23.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమైన కర్కటరేఖకు మధ్యనున్న ప్రతి ఊళ్లోనూ సూర్యుడు ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నవేళ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిలువుగా పాతిన కర్రకు పక్కన నీడ పడదు కాబట్టి దానిని శూన్య నీడ దినం అంటారు. రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా ఈ మేరలోనే ఉన్నాయి, పైగా ఇక్కడ మొదటి శూన్య నీడ దినాల్లో అధికభాగం సెలవుల్లోనే పడతాయి: తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో, విజయవాడలో మే మొదటి వారంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో. సూర్యుడు ఉత్తరానికి జరిగే కొద్దీ ఈ రోజు కూడా ఊరినుంచి ఊరికి ఉత్తరంగా ప్రయాణిస్తుందన్నమాట.

పనిముట్లు పెద్దగా అవసరం లేదు. ఒక మీటరు పొడవున్న తిన్నని కర్ర, అది నిటారుగా ఉన్నదో లేదో చూడడానికి దారానికి కట్టిన రాయి, సమతలంగా ఉన్న డాబా, సుద్దముక్క ఉంటే చాలు. రోజూ మధ్యాహ్నం కర్ర కొన నీడ పడిన చోట అయిదేసి నిమిషాలకు గుర్తులు పెడుతూ పోతే, వాటిలో అతి పొట్టి నీడ చూపిన గుర్తే ఆ ఊరి అసలు మధ్యాహ్నం. అది గడియారపు పన్నెండుతో కలవకపోవడం పిల్లలకు మొదటి ఆశ్చర్యం. భారత ప్రామాణిక కాలాన్ని కాకినాడకు సమీపంగా సాగే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. హైదరాబాదు దానికి సుమారు 4 డిగ్రీలు పడమరగా ఉన్నది, భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి అక్కడ సూర్యుడు ఆలస్యంగా నెత్తికి వస్తాడు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే మార్గం వల్ల కలిగే కొద్ది నిమిషాల సవరణను కూడా కలుపుకుంటే, మే 9న హైదరాబాదులో అసలు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో అవుతుంది. రెండో ఆశ్చర్యం ఇంకా పెద్దది. ఏప్రిల్ 24న అదే కర్రకు అసలు మధ్యాహ్నవేళ దాదాపు 8 సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపు పడుతుంది. రోజురోజుకూ కుదించుకుపోయి, మే 9న మాయమై, ఆ మర్నాటి నుంచి దక్షిణం వైపు పెరగడం మొదలుపెట్టి, జూన్ 11 నాటికి దాదాపు 10 సెంటీమీటర్లకు చేరుతుంది. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకున్న పిల్లవాడు ఆ నీడ దిక్కు మార్చుకోవడం తన సుద్దగీతల్లోనే చూస్తాడు.

తిరుపతిలో మేనమామ పిల్లలు ఉంటే ఈ పని మరో మెట్టు ఎక్కుతుంది. రెండు ఊళ్లవారూ ఒకే రోజున ఎవరి అసలు మధ్యాహ్నానికి వారు నీడను కొలిచి, కోణాలు గీసి పోల్చుకుంటే తేడా 3.75 డిగ్రీల దరిదాపుల్లో వస్తుంది. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 415 కిలోమీటర్లు గనుక, ఆ చిన్న కోణానికి ఇంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత అన్న త్రైరాశికంతో భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు చేరువగా తేలుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు ఈజిప్టులో అనుసరించిన మార్గం ఇదే. నీడలు ఇంత పొట్టిగా ఉన్నప్పుడు గుర్తు ఒక సెంటీమీటరు అటూఇటూ అయినా లెక్క వేల కిలోమీటర్లు తప్పుతుంది. ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో వెతకడంలోనే శాస్త్రం సగం ఉన్నది. నడిమధ్యాహ్నపు పని కాబట్టి పెద్దవారు పక్కనుండాలి, నెత్తిన టోపీ, చేతిలో మంచినీళ్లు ఉండాలి, పావుగంటకు మించి ఎండలో నిలబడకూడదు, సూర్యుని వంక నేరుగా చూడనే కూడదు.

వంటింట్లో ఇదే రోజుల్లో మొదలయ్యే ఆవకాయ, భిన్నాలను నేర్పడంలో ఏ అభ్యాస పుస్తకానికీ తీసిపోదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న పాత కొలతలో పావు, అర, ముప్పావు అన్నవి చేతికి తగిలే పాత్రలుగా ఉంటాయి. నాలుగు మానికల మామిడి ముక్కలకు మానిక ఆవపిండి, మానిక కారం, ముప్పావు మానిక ఉప్పు పోసే ఇంట్లో ఈ ఏడాది ముక్కలు మూడు మానికలే వచ్చాయనుకుంటే, ఆవపిండి, కారం మూడేసి సోలలని పిల్లలు త్వరగానే చెబుతారు. ఉప్పు దగ్గర ఆగుతారు. ముప్పావులో ముప్పావు ఎంత? కాగితం మీద తొమ్మిది బై పదహారు అన్నది వట్టి అంకెలుగా మిగిలిపోయే చోట, మానికకు పదహారు గిద్దలు గనుక తొమ్మిది గిద్దలు, అంటే రెండు సోలల మీద ఒక గిద్ద అని అమ్మమ్మ కొలిచి పోయగానే భిన్నాల గుణకారం కంటికి కనబడుతుంది. కొలతలు ప్రాంతాన్ని బట్టి, నిష్పత్తి ఇంటిని బట్టి మారుతాయి, ఆ తేడాలను పక్క ఇళ్లలో అడిగి రాసుకోవడం కూడా చదువే. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగడం ద్రవాభిసరణమనే సూత్రం ప్రకారం జరుగుతుందని, అంటే పల్చని పొర గుండా నీరు ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు ప్రవహిస్తుందని, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుందని, తడి చెయ్యి తగిలితే బూజు పట్టడానికి దారి దొరుకుతుందని జాడీ ముందు కూర్చుని చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

మధ్యాహ్నపు నీడపట్టున అష్టాచమ్మా వంటి ఆటలు సంభావ్యతకు, అనగా ఒక సంఘటన జరిగే అవకాశాన్ని లెక్కగట్టే గణిత శాఖకు, తొలి పాఠాలవుతాయి. ఒక పక్క అరగదీసిన నాలుగు చింతపిక్కలు పడగల తీరులు 16. వాటిలో రెండు తెల్లగా పడేవి 6, నాలుగూ తెల్లగా పడి చమ్మ అయ్యేది ఒక్కటే, నాలుగూ నల్లగా పడి అష్ట అయ్యేదీ ఒక్కటే. నూరుసార్లు వేసి రాసుకుంటే లెక్కకు, పిక్కలకు ఎంతవరకు పొత్తు కుదిరిందో తెలుస్తుంది.

పుస్తకాల సంగతికి వస్తే, ఇంట్లో అలమరా లేని పిల్లలకు ఊరి గ్రంథాలయమే అలమరా. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థలను తమ కష్టార్జితంతో నిలబెట్టిన గ్రంథాలయోద్యమం తెలుగువారిది. ఇప్పటికీ పలు గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతున్నాయి. వారానికి ఒకరోజు పొద్దున్నే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, ఏ పుస్తకం తేవాలన్న నిర్ణయం వారికే వదిలివేయడం ఖరీదైన శిబిరాలకన్నా మేలు. ఎంచుకున్నది బొమ్మల కథే అయినా, ఎనిమిదేళ్లవాడు అయిదేళ్లవారి పుస్తకం తెచ్చినా, కాదనకూడదు. అమెరికాలో ఉంటూ పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే తెలుగు కుటుంబాలకు ఈ వేసవి మరో విధంగా పనికివస్తుంది: అక్కడి బడులకు జూన్, జూలై నెలల్లో సెలవులు గనుక బడి పిల్లలు స్వదేశానికి చేరేసరికి ఇక్కడ బడులు తెరిచేస్తారు, ఇంటి బడి వారికి మాత్రం మే నెలలోనే వచ్చి తాతగారి ఇంట తెలుగు మాట్లాడే పిల్లల గుంపులో కలిసే వీలుంటుంది.

వీటన్నింటికీ ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, నీడ పొడవు, చదివిన పుస్తకం పేరు, ఆ రోజు పుట్టిన ఒక ప్రశ్న, వీలైతే ఒక బొమ్మ: ఇంతకు మించి రాయించబోతే ఆ పుస్తకం హోంవర్కుగా మారిపోతుంది. పరీక్షలకు సిద్ధమయ్యే పెద్ద పిల్లలకైతే అక్టోబరులో రాయబోయే ఒకటి రెండు విషయాలను పొద్దుటి గంటలో చేర్చుకోవచ్చు, చిన్నవారికి ఆ బరువు అనవసరం.

ఆ పుస్తకంలో తప్పక ఉండవలసిన ఒక పుట మామిడి టెంకది. తిన్న కొద్దిరోజుల్లోనే నాటకపోతే టెంక మొలకెత్తే శక్తిని పోగొట్టుకుంటుంది గనుక, మే మొదట్లో పండు తిన్న వారంలోనే పిల్లల చేత కుండీలో నాటించి, రోజూ పొద్దున్నే నీళ్లు పోయించాలి. బంగినపల్లి టెంక నాటినా బంగినపల్లే కాస్తుందన్న భరోసా లేదని, అందుకే రైతులు టెంక మొక్క మీద మంచి చెట్టు కొమ్మను కట్టి అంటు మొక్కను తయారుచేస్తారని అప్పుడు చెబితే, ఎందుకన్న ప్రశ్న వారినుంచే వస్తుంది, దానికి జవాబు తర్వాతి నెలల పాఠంగా దాచుకోవచ్చు. మృగశిర తొలి జల్లులు పడి, వీధిలోని బడి పిల్లలు కొత్త సంచులు సర్దుకునే వేళకు కుండీలో రాగిరంగు లేత ఆకులు వాలి ఉంటాయి, వాటి పొడవు కొలిచి రాయడంతో ఇంటి బడి మళ్లీ మొదలవుతుంది.