ఆరు పెట్టెలూ పలుకుతున్నాయా?

పండక్కి అందరూ ఇంటికొచ్చారు. హాల్లో చాపలు పరిచి సినిమా పెట్టారు. తీరా చూస్తే... పాటలు హోరెత్తిపోతున్నాయి, మాటలు మాత్రం వినపడటం లేదు. వెనకున్న రెండు స్పీకర్లూ మౌనవ్రతం! కువైట్‌ నుంచో దుబాయ్‌ నుంచో అబ్బాయి మోసుకొచ్చిన హోమ్‌ థియేటర్‌ అయితే మరీ ప్రాణం ఉసూరుమంటుంది. సెట్టు పాడైందని మూలన పెట్టేముందు ఓ అరగంట వైర్లకేసి చూడండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

తీర్థంలో ఉన్నట్లే!

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నిలబడితే ఎదురుగా మేళతాళాలు, పక్కన పిల్లల బూరలు, వెనక బాణసంచా. కళ్లు మూసుకున్నా ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఆ అనుభూతిని ఇంట్లో కలిగించేదే సరౌండ్‌ సౌండ్‌. 1992లో ‘బ్యాట్‌మ్యాన్‌ రిటర్న్స్‌’తో డాల్బీ డిజిటల్‌ సినిమా హాళ్లకు వచ్చింది. తర్వాత డీవీడీలతో ఇళ్లలోకీ చేరింది.

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌. ఎదురుగా ఎడమ, మధ్య, కుడి. కూర్చున్నవారికి రెండు పక్కలా కాస్త వెనగ్గా మరో రెండు. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచే వస్తాయి. అది మూగబోతే సంభాషణలన్నీ మాయం!

రిమోట్‌తో తొలి పరీక్ష

సెట్టింగ్స్‌లో ‘టెస్ట్‌ టోన్‌’ అని ఉంటుంది. అది నొక్కితే వాన కురుస్తున్నట్లు ‘స్‌స్‌స్‌’ మనే చప్పుడు ఒక్కో స్పీకర్లోంచీ వరసగా వస్తుంది. మీరు సినిమా చూసే చోటే కూర్చుని వినండి. తెరమీద ‘లెఫ్ట్‌’ అని కనిపించినప్పుడు కుడివైపు వినిపిస్తే వైర్లు తారుమారైనట్లే.

వెనక ఒకటి అసలు పలకడం లేదా? సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, వెనక స్పీకర్లు రెండింటినీ ఒకదాని చోట మరొకటి తగిలించండి. మూగది ఇప్పుడు పలికితే స్పీకర్‌ మంచిదే, తప్పు వైరుదో సెట్టుదో. అప్పుడూ పలక్కపోతే లోపం స్పీకర్లోనే.

టెస్ట్‌ టోన్‌లో అన్నీ పలికి, సినిమాకి మాత్రం వెనకవి పలకకపోతే కంగారు వద్దు. రెండు ఛానళ్ల శబ్దమే ఉన్న కార్యక్రమాలకు అంతే. టీవీ ఆడియో అవుట్‌పుట్‌ ‘పీసీఎం’ అని ఉన్నా చాలాసార్లు ఇదే పరిస్థితి. దాన్ని ‘ఆటో’ లేదా ‘బిట్‌స్ట్రీమ్‌’కు మార్చి చూడండి.

ఎరుపుకి ఎరుపే

అన్నీ పలుకుతున్నా శబ్దం పీలగా, తేలిపోతున్నట్లు ఉందా? ఏదో ఒక స్పీకర్‌కు ప్లస్‌, మైనస్‌ తిరగబడి ఉంటాయి. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. దాంతో గంభీరమైన ధ్వనులు ఒకదాన్నొకటి మింగేస్తాయి.

దీన్ని కనిపెట్టడానికి గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ చాలు. వైరును సెట్టు నుంచి పూర్తిగా ఊడదీసి, ఆ కొసలను బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ఎర్ర టెర్మినల్‌ వైరు తగిలితే స్పీకర్‌ మధ్యలోని పొర ముందుకు కదలాలి. లోపలికి పోతే ఎక్కడో తిరగబడినట్లే. కరెంటుతో పనిచేసే సబ్‌వూఫర్‌కు మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

ఉప్పుగాలితో జాగ్రత్త

ఒకవైపు సముద్రం, మిగతా వైపులా గోదావరి పాయలు. అంతర్వేది, రాజోలు వైపు ఇళ్లలో ఇనుమే ఆగదు, ఇక సన్నని రాగి తీగలెంత! కొసలు నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా శబ్దం తెగితెగి వస్తుంది. పాడైన కొస కత్తిరించి, తొడుగు అర అంగుళం ఒలిచి, పోగులన్నీ బిగించి పురిపెట్టి తగిలించండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్టయి ఆంప్లిఫయర్‌ కాలిపోవచ్చు. వేల రూపాయల సెట్టుకు ఎసరు పెట్టేది ఈ వెంట్రుకంత తీగే!

ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసేయడం మరవొద్దు.

చివరగా ఒక మాట. ప్రతి వైరుకూ రెండు కొసల్లోనూ ‘ముందు ఎడమ’, ‘వెనక కుడి’ అని చీటీ అంటించండి. ఇంటికి రంగులేయించినప్పుడు అన్నీ ఊడదీసినా, ఇంట్లో పదోతరగతి పిల్లాడే పది నిమిషాల్లో మళ్లీ తగిలించేస్తాడు.