కళ్లకు కట్టింది సరే, తలకెక్కిందా?

పాఠం బాగా చెప్పే మాస్టారిని ‘కళ్లకు కట్టినట్టు చెబుతారు’ అని మెచ్చుకుంటాం. వర్చువల్ రియాలిటీ (వీఆర్) వచ్చి, నిజంగానే ఓ పెట్టెను పిల్లల కళ్లకు కట్టేసింది. హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి కాస్త తేడాతో ఒక్కో బొమ్మ కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును ఊహించుకుంటుంది. తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది. దాంతో శరీరం గురించిన పాఠమైతే రక్తనాళంలో ఎర్ర కణాల మధ్య తేలుతున్నట్టే ఉంటుంది. 2015లో గూగుల్ ‘ఎక్స్‌పెడిషన్స్’ పేరుతో అట్టపెట్టెల్లో ఫోన్లు అమర్చి, తరగతి గదిలో కూర్చున్న పిల్లలకు సముద్రం అడుగును చూపించింది. 2021లో దాన్ని తనే మూసేసింది. కొత్త సరుకు మీద పాఠాలు అల్లుకునే బడులు ఈ రెండో సంగతినీ గుర్తుపెట్టుకోవాలి. కానీ అంతకంటే ముందు తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది. పిల్లలు నోరెళ్లబెట్టి చూశారంటే పాఠం వచ్చినట్టేనా?

ఆ భరోసా లేదని శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జోస్లిన్ పారోంగ్, రిచర్డ్ మేయర్ 2018లో చూపించారు. కొందరు విద్యార్థులను హెడ్‌సెట్‌తో మనిషి శరీరంలోకి పంపారు. మిగతావాళ్లకు అదే పాఠాన్ని కంప్యూటర్ మీద మామూలు స్లైడ్లుగా ఇచ్చారు. ఎంతో ఆసక్తిగా ఉందన్నది మొదటివాళ్లు, పరీక్ష బాగా రాసింది రెండోవాళ్లు. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గిడో మక్రాన్స్కీ, ఇదే మేయర్‌తో కలిసి 52 మంది విద్యార్థులకు మెదడు తరంగాలను కొలిచే ఈఈజీ పరికరం తగిలించి మరీ పరిశీలించారు. హెడ్‌సెట్‌లో ల్యాబ్ పాఠం నడిచినప్పుడు అక్కడే ఉన్నామన్న భావన పెరిగింది, మెదడు మీద బరువూ పెరిగింది, నేర్చుకున్నది మాత్రం తగ్గింది. కారణం ఊహించలేనిది కాదు. మనసు ఒక్కసారి పట్టుకోగలిగేది కొంతే. చుట్టూ ఉన్న వింతలే అందులో సగం తినేస్తే భావానికి చోటెక్కడ? పారోంగ్, మేయర్‌ల రెండో ప్రయోగం ఇక్కడే పనికొస్తుంది. శరీరంలోకి సాగే అదే యాత్రను ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క తర్వాతా చూసినదాన్ని సొంత మాటల్లో రాయమన్నారు. ఆసక్తి తగ్గలేదు, మార్కులు పెరిగాయి. అంటే ఫలితం ఇచ్చేది హెడ్‌సెట్ తీసిన తర్వాత నోటుబుక్కు మీద గడిపే ఆ కాస్త సమయం. దాన్ని నడిపించాల్సింది టీచరే.

ల్యాబే లేని బడికి ఇది వరం కదా అనేవారున్నారు. ఆ వాదనలో బలం ఉంది. ప్రమాదకరమైనవి, అసాధ్యమైనవి, చేస్తే చేటు తెచ్చేవి, ఖర్చు భరించలేనివి అయితేనే వీఆర్ వాడమని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ ఏనాటి నుంచో చెబుతున్నారు. కొట్టుకుంటున్న గుండె లోపలికి వెళ్లడం ఈ లెక్కలోకి వస్తుంది. మందార పువ్వును కోసి కేసరాలు లెక్కపెట్టడం రాదు. పెరటి మొక్క ఉండగా దానికి హెడ్‌సెట్ దండగ. పైగా 40 మంది తరగతికి ఒకే హెడ్‌సెట్ ఉంటే, తలా 5 నిమిషాలిచ్చినా 200 నిమిషాలు, నాలుగు పీరియడ్ల పైమాటే. ఒకరు చూస్తుంటే మిగతా 39 మంది ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోని పాఠం, పాఠం కాదు.

ఒంటికి తగిలించే పరికరాల సంగతి ఇంకా సున్నితం. పరిశోధకుల చేతిలో పాఠాన్ని పరీక్షించిన ఆ ఈఈజీయే 2019లో చైనాలోని జిన్‌హువా ప్రాంతపు ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల్ని పరీక్షించే పట్టీగా నుదుటికెక్కింది. పిల్లవాడు శ్రద్ధగా ఉంటే ఎర్ర దీపం, ధ్యాస తప్పితే నీలం దీపం. వివరాలు టీచరుకు చేరేవి. దుమారం రేగడంతో అధికారులు ఆపించారు. ఎవరి ధ్యాస ఎక్కడుందో టీచరుకు తెలిస్తే మంచిదే కదా అంటారు. కానీ రెప్ప కొట్టినా దవడ కదిలినా ఈఈజీ చెదురుతుంది. కిటికీలోంచి చూస్తున్న పిల్ల లెక్క గురించే ఆలోచిస్తోందేమో ఆ దీపానికి తెలియదు. నుదుట దీపం వెలుగుతుందని తెలిసిన పిల్లలు పాఠం వినడం కంటే దీపాన్ని మెప్పించడం త్వరగా నేర్చుకుంటారు. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి ప్రవర్తనపై నిఘాను నిషేధించింది. అయితే 2025 నిబంధనలు చదువు, భద్రత అవసరాల మేరకు విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. ‘చదువు అవసరం’ అన్న ఆ మాట కింద ఇలాంటి పట్టీ కూడా దూరుతుందా అన్నది, ఏ బడి అయినా కొనకముందే తల్లిదండ్రులు కాగితం మీద రాయించుకోవాల్సిన జవాబు.