యుద్ధకాల పొదుపు స్టాంపుల పుస్తకాలు: సేకరణ – చారిత్రక సాక్ష్యం

వ్యాససంగ్రహం

రెండు ప్రపంచయుద్ధాల కాలంలో అమెరికా ప్రభుత్వం సామాన్య పౌరుల నుంచి చిన్న మొత్తాలను అప్పుగా సమీకరించడానికి పొదుపు స్టాంపులను విక్రయించింది. వాటిని అంటించడానికి కార్డులను, పుస్తకాలను రూపొందించింది. వీటి నిర్మాణాన్ని వివరించి, నేటి సేకరణల్లో మిగిలిన ప్రతులు ఏ చరిత్రను చెప్పగలవో, ఏ చరిత్రను చెప్పలేవో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: యుద్ధరుణం, పొదుపు స్టాంపు, బాండు, సేకరణ, సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

యుద్ధవ్యయాన్ని ప్రభుత్వాలు ప్రధానంగా పన్నులతోను, రుణాలతోను భరిస్తాయి. ఒకేసారి బాండు కొనే స్తోమత లేని కార్మికుల, గృహిణుల, విద్యార్థుల చేతుల్లోని చిల్లరను సైతం ఖజానాకు చేర్చడానికి ఏర్పడిన సాధనమే పొదుపు స్టాంపు. బ్రిటన్‌లో 1916లో వెలువడిన యుద్ధ పొదుపు పత్రం ధర 15 షిల్లింగుల 6 పెన్నీలు; ఐదేళ్లకు దాని విలువ ఒక పౌండు. 6 పెన్నీల స్టాంపులు 31 అంటిస్తే ఆ ధర సమకూరేది. భారతదేశంలోనూ 1917లో పోస్టాఫీసు క్యాష్ సర్టిఫికెట్లు, 1940లో రక్షణ పొదుపు పత్రాలు ప్రవేశించాయి. కాబట్టి తెలుగు జిల్లాల తపాలా చరిత్రకు కూడా ఈ అంశం పరాయిది కాదు.

2. మొదటి ప్రపంచయుద్ధం: రెండంచెల పద్ధతి

అమెరికాలో 1917 డిసెంబరులో ఈ పథకం మొదలైంది. మొదటి అంచె 25 సెంట్ల థ్రిఫ్ట్ స్టాంపు. దీనికి వడ్డీ లేదు. 16 స్టాంపులతో కార్డు నిండితే 4 డాలర్లయ్యేది. దానికి మరికొన్ని సెంట్లు చేర్చి యుద్ధ పొదుపు స్టాంపు పొందడం రెండవ అంచె. 1918 జనవరిలో దీని ధర 4 డాలర్ల 12 సెంట్లు. నెలకొక సెంటు చొప్పున పెరిగి డిసెంబరు నాటికి 4 డాలర్ల 23 సెంట్లకు చేరింది. 1923 జనవరి 1న దీనికి 5 డాలర్లు లభిస్తాయి. ఇటువంటివి 20 అంటించిన పత్రం విలువ గడువు నాటికి 100 డాలర్లు. వడ్డీని ప్రత్యేకంగా చెల్లించకుండా, కొనుగోలు ధరలోనే ఇమిడ్చిన ఈ ఏర్పాటు లెక్కలు తెలియనివారికి సైతం సులభగ్రాహ్యం.

3. రెండవ ప్రపంచయుద్ధం: పుస్తకం నుంచి బాండుకు

1941లో 10, 25, 50 సెంట్ల, 1, 5 డాలర్ల స్టాంపులు వెలువడ్డాయి. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ కాంకర్డ్‌లో నెలకొల్పిన మినిట్ మ్యాన్ విగ్రహం వాటిపై చిత్రితమైంది. 25 సెంట్ల స్టాంపులు 75 అంటిస్తే 18 డాలర్ల 75 సెంట్లు. పదేళ్లకు 25 డాలర్లిచ్చే ‘ఇ’ శ్రేణి బాండు ధర సరిగ్గా అంతే. పాఠశాలల్లో ఈ స్టాంపుల విక్రయం విస్తృతంగా సాగింది. పిల్లలకు పొదుపు అలవడింది. దానితోపాటు యుద్ధప్రచారమూ తరగతి గదిలో ప్రవేశించింది.

4. సేకరణ: మిగిలిన ప్రతుల స్వభావం

నిండిన పుస్తకాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తేనే బాండు దక్కేది. అంటే పథకం ఎక్కడ సఫలమైందో అక్కడ దాని సాక్ష్యం అదృశ్యమైంది. సేకర్తలకు తరచుగా దొరికేవి ఖాళీవి, లేదా సగం నిండినవి. వీటి సంఖ్యను బట్టి ప్రజలు పొదుపును మధ్యలో విడిచిపెట్టారని తీర్మానించడం దోషం. అసంపూర్ణతకు డబ్బు లేమి, వలస, మరపు, యుద్ధసమాప్తి – ఏదైనా కారణం కావచ్చు. స్టాంపును ఇష్టంతో కొన్నారో, ఇరుగుపొరుగు ఒత్తిడితో కొన్నారో కూడా ఆ కాగితం చెప్పదు.

అందుచేత విడి స్టాంపు కంటే దానిని అంటించిన పుస్తకమే పరిశోధకుడికి విలువైనది. స్టాంపులను నీటిలో నానబెట్టి విడదీస్తే కొన్నవారి పేరు, తపాలా ముద్ర, అంటించిన క్రమం నశిస్తాయి. ప్రతి ఎక్కడ, ఏ కుటుంబపత్రాల మధ్య లభించిందో నమోదు చేయకపోతే అది కేవలం అలంకారవస్తువవుతుంది.

5. ఉపసంహారం

యుద్ధరుణ చరిత్రను ఖజానా లెక్కలు పైనుంచి చూపితే, ఈ చిన్న పుస్తకాలు ఇంటి నుంచి చూపుతాయి. అయితే ఇవి ప్రధానంగా చెల్లింపునకు చేరని పొదుపు అవశేషాలు. ఆ పరిమితిని గుర్తించి, ఖజానా నివేదికలతో, పాఠశాల రికార్డులతో పోల్చి చదివినప్పుడే ఇవి విశ్వసనీయమైన ఆధారాలవుతాయి.