విశాఖ బీచ్ రాళ్లపై నత్తల ‘అపార్ట్‌మెంట్’.. ఎవరి ఫ్లోర్ వారిదే! ఒక్క రాయి తిప్పినా ఏమవుతుందో తెలుసా?

వైజాగ్ వెళ్లినవాళ్లలో రుషికొండ, తెన్నేటి పార్క్, యారాడ దగ్గర రాళ్లెక్కి సెల్ఫీ దిగనివాళ్లు తక్కువే. అయితే కాళ్ల కింద ఉన్న ఆ రాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? గోళీకాయంత నత్తలు, బుల్లి గొడుగుల్లా అతుక్కున్న చిప్పలు కనిపిస్తాయి. అవి ఎక్కడ పడితే అక్కడ ఉండవు. ఒక్కో జాతికి ఒక్కో ఎత్తు ఫిక్స్.

ఏపీ తీరం పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఇసుక, డెల్టా మట్టి, మడ అడవులే. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చే విశాఖ వైపే రాతి తీరాలు ప్రధానంగా ఉన్నాయి. అంటే రాయిని పట్టుకుని బతికే నత్తలకు ఇక్కడ దొరికే చోటే తక్కువ.

పై ఫ్లోర్‌లో ఎవరు?

అలల తుంపర మాత్రమే తగిలే పై భాగంలో పెరివింకిల్ అనే చిన్న నత్తలుంటాయి. ఎండ మండితే ఇవి గుల్ల అంచును జిగురుతో రాయికి అంటించి, మూత బిగించేసుకుంటాయి. ఒంట్లో తడి ఆరిపోకుండా కాపాడుకునే టెక్నిక్ ఇది.

మధ్యలో, రోజూ మునిగి తేలే చోట నెరైట్లు, లింపెట్లు ఉంటాయి. రాయిపై నాచును గీకి తినడమే వీటి పని. లింపెట్ పళ్లు ప్రకృతిలో అత్యంత బలమైన పదార్థమని 2015లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. కింద, ఎక్కువసేపు నీళ్లలో ఉండే భాగంలో వేటాడే నత్తలు ఎక్కువ. వీటిలో కొన్ని ఎదుటి జీవి గుల్లకు రంధ్రం చేసి మరీ తినేస్తాయి.

అసలు లెక్క ఇదీ..

నత్త ఎంత పైకి వెళ్లగలదో సాధారణంగా ఎండ, వేడి డిసైడ్ చేస్తాయి. ఎంత కిందకు దిగగలదో చాలాసార్లు శత్రువులు, తిండి కోసం పోటీ డిసైడ్ చేస్తాయి. గుజరాత్‌లోని ఖంభాత్ గల్ఫ్‌తో పోలిస్తే విశాఖలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ. అందుకే ఈ ఫ్లోర్లన్నీ కొన్ని అడుగుల ఎత్తులోనే సర్దుకోవాలి. పగుళ్లు, నీటి గుంటలు, బండల అడుగు భాగం ఎంత ఎక్కువుంటే అన్ని రకాల నత్తలకు చోటు దొరుకుతుంది.

మనకేంటి నష్టం?

నత్తలు తగ్గితే రాళ్లపై నాచు పెరిగిపోతుంది. ఖాళీ గుల్లలు ఏరుకెళ్తే వాటినే ఇల్లుగా చేసుకునే హెర్మిట్ క్రాబ్‌లకు గూడు ఉండదు. కాలుష్యాన్ని ముందే పట్టించేదీ ఇవే. ఓడల అడుగున వేసే టీబీటీ రంగు వల్ల ఆడ నత్తలకు మగ అవయవాలు పెరిగాయి. చివరికి 2008లో ఆ రంగుపై అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది.

ఇంకో ముఖ్యమైన విషయం.. శంకు ఆకారంలో అందంగా కనిపించే కోన్ నత్తను చేత్తో పట్టుకోవద్దు. కొన్ని జాతుల విషం ప్రాణాలు తీస్తుంది. అదే విషంలోని పదార్థం ఆధారంగా చేసిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికా ఆమోదం దక్కింది.

ఈసారి బీచ్‌కు వెళ్తే నత్తలను చూడండి, ఫొటో తీయండి. రాయి తిప్పితే మాత్రం మళ్లీ అలాగే పెట్టండి. నీడలో, తడిలో బతికే జీవులు ఎండ తగిలితే చనిపోతాయి.